పాత స్విచ్‌గేర్, సర్క్యూట్ బ్రేకర్లు మార్చడం ఎలా: వాణిజ్య భవనాలకు సమగ్ర మార్గదర్శి

స్విచ్‌గేర్ అంటే భవనానికి కరెంటు పంచే ప్యానెళ్లు, ప్రమాదం వచ్చినప్పుడు వాటిలో కరెంటు తెంపేది సర్క్యూట్ బ్రేకర్. ఈ బ్రేకర్ పాడైపోయినా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. లిఫ్టు మోటారు చెడితే లిఫ్టు ఆగుతుంది, పంపు చెడితే నీళ్లు రావు. బ్రేకర్ చెడితే లైట్లు వెలుగుతూనే ఉంటాయి. ఫాల్టు (షార్ట్ సర్క్యూట్ లాంటి లోపం) వచ్చిన రోజున అది ట్రిప్ కాకపోతే, అంటే కరెంటు తెంపకపోతే, అప్పుడు గానీ సంగతి తెలియదు. అందుకే "ఇన్నేళ్లుగా బాగానే నడుస్తోంది కదా" అనే మాటను ఎలక్ట్రికల్ రూము విషయంలో నమ్మడానికి లేదు.

ఈ మార్గదర్శి భవనం నిర్వహణ చూసే ఇంజినీర్ల కోసం, మేనేజర్ల కోసం. ప్యానెల్ లోపల చేతులు పెట్టే పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్‌దే. కానీ ఏం మార్చాలి, ఏ క్రమంలో మార్చాలి, కరెంటు ఎప్పుడు ఆపాలి, మళ్లీ ఎలా ఇవ్వాలి అన్నవి భవనం తరఫు మనిషే తేల్చుకోవాలి. నా దృష్టిలో ఈ పనిలో కష్టమైన భాగమంతా షట్‌డౌన్‌కు ముందే ఉంటుంది. కొటేషన్లు తెప్పించుకోవడంతో మొదలుపెట్టిన వాళ్లు సాధారణంగా తప్పు ప్యానెల్‌ను సరైన ధరకు కొంటారు.

1. ఉన్నదేమిటో కాగితం మీదకు తీసుకురండి

ప్యానెల్ తలుపు లోపల అంటించిన సింగిల్ లైన్ డయాగ్రమ్‌ను (కరెంటు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో చూపే పటం) నమ్మకండి. భవనం కట్టినప్పటి నుంచి అద్దెదారులు మారారు, ఏసీలు పెరిగాయి, ఎవరో ఒక ఫీడర్ (ప్యానెల్ నుంచి ఒక చోటికి కరెంటు తీసుకెళ్లే లైను) తీసి ఇంకో చోట కలిపారు. ప్రతి ఫీడర్‌కూ బ్రేకర్ తయారీదారు, మోడల్, ఫ్రేమ్ సైజు, రేటింగ్, ప్రస్తుత సెట్టింగ్, బ్రేకింగ్ కెపాసిటీ, కేబుల్ సైజు, అది ఎక్కడికి వెళ్తోంది అన్నవి రాసుకోండి. నేమ్‌ప్లేట్లన్నిటికీ ఫోటోలు తీయించండి. "స్పేర్" అని రాసి ఉన్న ఫీడర్‌ను నిజంగా స్పేర్ అని తేలేదాకా స్పేర్ అనుకోవద్దు. ఫైర్ అలారం ప్యానెల్‌కో, బేస్‌మెంట్ పంపుకో సప్లై అక్కడి నుంచే వెళ్తూ ఉండొచ్చు.

ఈ సర్వేలోనే ఇంకో రెండు విషయాలు చూడాలి. మొదటిది ఆస్బెస్టాస్. చాలా పాత బ్రేకర్ల ఆర్క్ చ్యూట్లలో (బ్రేకర్ తెరుచుకున్నప్పుడు వచ్చే మెరుపును ఆర్పే గదులు), ఫేజుల మధ్య పెట్టే అడ్డు షీట్లలో అది ఉండే అవకాశం ఉంది. అనుమానం ఉంటే నమూనా పరీక్ష చేయించేదాకా డ్రిల్లింగు, కోతలు, గీకుడు ఏవీ చేయకూడదు. రెండోది న్యూట్రల్ బార్, అంటే కరెంటు తిరిగి వచ్చే తీగలను కలిపే లోహపు పట్టీ. పాత ప్యానెల్స్‌లో న్యూట్రల్‌ను ఫేజు బార్‌లో సగం సైజుకే వేసేవారు. దీని సంగతి లోడ్ దగ్గర మళ్లీ వస్తుంది.

2. పరిస్థితి పరీక్షించండి

థర్మల్ కెమెరాతో మొదలుపెట్టడం సులువు, ఎందుకంటే కరెంటు ఆపనక్కర్లేదు. అయితే ఆదివారం ఖాళీ భవనంలో తీసిన థర్మల్ ఫోటోలు దేనికీ పనికిరావు. లోడ్ కనీసం 40 శాతం ఉన్నప్పుడు తీయాలి, ఎక్కువ ఉంటే ఇంకా మంచిది. ఒకే లోడ్ మోస్తున్న మూడు ఫేజుల్లో ఒకటి మిగతావాటికంటే 15 డిగ్రీలకు మించి వేడిగా ఉంటే వాయిదా వేయకూడదు. మెరిసే రాగి బార్‌ను నేరుగా చూస్తే కెమెరా అసలు ఉష్ణోగ్రత కంటే తక్కువ చూపిస్తుంది. కాబట్టి కేబుల్ ఇన్సులేషన్ మొదలయ్యే చోట, లేదా షట్‌డౌన్‌లో ముందే అతికించిపెట్టిన నల్ల టేపు మీద చూడాలి.

తర్వాతి పరీక్షలకు చిన్న షట్‌డౌన్ కావాలి. ఇన్సులేషన్ రెసిస్టెన్స్‌ను మెగ్గర్‌తో, మూసిన కాంటాక్టుల నిరోధాన్ని మైక్రో ఓమ్ మీటర్‌తో కొలుస్తారు. కాంటాక్ట్ రీడింగుల్లో అంకె కంటే పోలిక ముఖ్యం. మూడు పోల్స్‌లో అతి తక్కువ ఉన్నదానికంటే ఇంకొకటి 50 శాతం మించి ఉంటే ఆ కాంటాక్టు తెరిచి చూడాలి.

అసలు నిజం బయటపెట్టేది ట్రిప్ పరీక్ష. దీన్ని చాలామంది తప్పుగా చేస్తారు. ఎయిర్ సర్క్యూట్ బ్రేకర్ లోపల స్ప్రింగులు, లాచీలు, రోలర్లు ఉంటాయి, వాటికి గ్రీజు పూసి ఉంటుంది. ఏళ్ల తరబడి కదలకపోతే, వేడికి నూనె ఆవిరైపోయి గ్రీజు గోధుమ రంగు మైనంలా గట్టిపడుతుంది. ట్రిప్ కాయిల్ కొట్టినా లాచీ తడబడుతుంది, తెరుచుకోవడం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి తెరుచుకోనే తెరుచుకోదు. టెస్టింగ్ కోసం వచ్చినవాళ్లు ముందుగా బ్రేకర్‌ను నాలుగుసార్లు ఆన్ ఆఫ్ చేసి, ఆ తర్వాత టైమింగ్ కొలిచి "ఓకే" అని రాసేస్తారు. ఆ నాలుగుసార్లలోనే గ్రీజు కదిలిపోతుంది కాబట్టి రిపోర్టు బాగానే వస్తుంది. ఏళ్లుగా మూసి ఉన్న బ్రేకర్ మొదటిసారి ఎంతసేపట్లో తెరుచుకుంది అన్నదే మీకు కావాలి. ఆ మొదటి ట్రిప్‌ను రికార్డు చేయమని వర్క్ ఆర్డర్‌లోనే రాయండి.

ప్రొటెక్షన్ భాగాన్ని విడిగా చూడాలి. మరీ పాత బ్రేకర్లలో ఆయిల్ డ్యాష్‌పాట్ (ట్రిప్‌ను కాస్త ఆలస్యం చేసే నూనె గొట్టం) ఉంటే నూనె చిక్కబడో కారిపోయో టైమింగ్ మారిపోయి ఉంటుంది. తొలితరం ఎలక్ట్రానిక్ ట్రిప్ యూనిట్లలో (ఎప్పుడు ట్రిప్ కావాలో నిర్ణయించే భాగాలు) కెపాసిటర్లు ఎండిపోతాయి. సెకండరీ ఇంజెక్షన్ పరీక్ష ట్రిప్ యూనిట్‌ను మాత్రమే చెక్ చేస్తుంది. ప్రైమరీ ఇంజెక్షన్‌లో బ్రేకర్ గుండా నిజమైన కరెంటు పంపుతారు కాబట్టి సీటీలు (కరెంటును కొలిచే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు), వైరింగు, మెకానిజం అన్నీ కలిపి చెక్ అవుతాయి. మెయిన్ ఇన్‌కమర్లకైనా (ప్యానెల్‌కు సప్లై తెచ్చే బ్రేకర్లు) రెండోదే చేయించండి.

3. ఫాల్ట్ లెవెల్ లెక్క: ఇది లేకుండా ముందుకు వెళ్లొద్దు

బ్రేకర్ మీద ఆంపియర్ల పక్కనే కిలో ఆంపియర్లలో ఇంకో అంకె ఉంటుంది. షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు అది సురక్షితంగా తెంపగల గరిష్ట కరెంటు అదే. వచ్చే ఫాల్ట్ కరెంటు (దీన్నే ఫాల్ట్ లెవెల్ అంటారు) దాన్ని మించితే బ్రేకర్ తెంపలేకపోవడమే కాదు, పగిలిపోవచ్చు.

మెయిన్ ప్యానెల్ దగ్గర ఉజ్జాయింపు లెక్క సులువు. ట్రాన్స్‌ఫార్మర్ ఫుల్ లోడ్ కరెంటును దాని ఇంపీడెన్స్ (కరెంటుకు అది పెట్టే అడ్డు) శాతంతో భాగించాలి. ఒక ఉదాహరణ చూద్దాం. మొదట్లో 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, ఇంపీడెన్స్ 4 శాతం, సెకండరీ 415 వోల్టులు. ఫుల్ లోడ్ కరెంటు సుమారు 696 ఆంపియర్లు. దాన్ని 0.04తో భాగిస్తే ఫాల్ట్ కరెంటు దాదాపు 17 కిలో ఆంపియర్లు. ప్యానెల్‌లో 25 కిలో ఆంపియర్ల బ్రేకర్లు పెట్టారు, అప్పటికి సరిపోయాయి. కొన్నేళ్లకు లోడ్ పెరిగి 1000 కేవీఏ, 5 శాతం ట్రాన్స్‌ఫార్మర్ వేశారు. ఇప్పుడు ఫుల్ లోడ్ 1391 ఆంపియర్లు, ఫాల్ట్ కరెంటు దాదాపు 28 కిలో ఆంపియర్లు. ప్యానెల్‌ను ఎవరూ ముట్టుకోలేదు, ఏ బ్రేకరూ వేడెక్కలేదు, అయినా అందులో ఉన్న ప్రతి బ్రేకరూ ఆ రోజుతో చాలనిదైపోయింది. అలాంటివే రెండు ట్రాన్స్‌ఫార్మర్లను బస్ కప్లర్ (రెండు వైపుల బార్లను కలిపే బ్రేకర్) మూసి సమాంతరంగా నడిపితే 56 దాకా వెళ్తుంది.

ఇది ఉజ్జాయింపే. నడుస్తున్న పెద్ద మోటార్లు కూడా ఫాల్టులోకి కొంత కరెంటు పంపుతాయి. పై స్థాయి గ్రిడ్ ఇంపీడెన్స్, కేబుళ్ల పొడవు దాన్ని తగ్గిస్తాయి. ప్రతి డిస్ట్రిబ్యూషన్ బోర్డు దగ్గరా అసలు అంకె కావాలంటే ఐఈసీ (అంతర్జాతీయ ఎలక్ట్రికల్ ప్రమాణాల సంస్థ) 60909 పద్ధతిలో కన్సల్టెంట్‌తో లెక్క కట్టించాలి. జనరేటర్ మీద నడిచేటప్పుడు కథ తిరగబడుతుంది. అక్కడ ఫాల్ట్ కరెంటు చాలా తక్కువ కాబట్టి, గ్రిడ్‌కు సరిపోయేలా పెట్టిన షార్ట్ సర్క్యూట్ సెట్టింగ్ జనరేటర్ మీద అసలు పని చేయకపోవచ్చు. రెండు పరిస్థితులకూ స్టడీ చేయించండి.

4. లోడ్ కొలవండి, ఊహించకండి

కనెక్టెడ్ లోడ్లు కూడితే వచ్చే అంకె ఎప్పుడూ అసలు వాడకం కంటే ఎక్కువే. మెయిన్‌లో పవర్ ఎనలైజర్ పెట్టి, ఏసీలు బాగా నడిచే కాలంలో కనీసం వారం, వీలైతే నెల రికార్డు చేయండి. భవిష్యత్తు కోసం కొంత ఖాళీ వదలాలి. వాహనాల చార్జింగ్, సోలార్ లాంటివి రాబోతున్నాయా అని యాజమాన్యాన్ని ఇప్పుడే అడగండి.

హార్మోనిక్స్ (అసలు పౌనఃపున్యానికి రెట్లలో వచ్చే అదనపు కరెంట్లు) కూడా అదే రికార్డింగులో తేలతాయి. ఎల్ఈడీ డ్రైవర్లు, కంప్యూటర్లు ఎక్కువున్న భవనాల్లో మూడో హార్మోనిక్ కరెంట్లు న్యూట్రల్‌లో ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు, కూడుకుంటాయి. ఫేజు కరెంటులో మూడో హార్మోనిక్ 33 శాతం దాటితే న్యూట్రల్ కరెంటు ఫేజు కరెంటునే మించిపోవచ్చు. సగం సైజు న్యూట్రల్ బార్ ఇలాంటి భవనంలో ఉంటే, అదొక్కటే ప్యానెల్ మార్చడానికి సరిపోయే కారణం.

5. బాగు చేయాలా, మార్చాలా?

నాలుగు దారులున్నాయి. మొదటిది ఉన్న బ్రేకర్‌ను తయారీదారు వర్క్‌షాపులో సర్వీసు చేయించడం. మెకానిజం మంచిదై, విడిభాగాలు ఇంకా దొరుకుతుంటేనే. రెండోది రెట్రోఫిట్: పాత బ్రేకర్ స్థానంలో, అదే క్రేడిల్‌లో (బ్రేకర్ కూర్చునే చట్రం) సరిపోయేలా తయారైన కొత్త బ్రేకర్. బస్‌బార్లు (ప్యానెల్ లోపల కరెంటు మోసే లోహపు పట్టీలు) ముట్టుకోనక్కర్లేదు, షట్‌డౌన్ తక్కువ. మూడోది రెట్రోఫిల్: పాత ప్యానెల్ డొక్కు ఉంచి, లోపల బార్లు మార్చి కొత్త బ్రేకర్ బిగించడం. నాలుగోది మొత్తం కొత్త ప్యానెల్.

బస్‌బార్లు బాగుండి, వాటి షార్ట్ సర్క్యూట్ తట్టుకునే సామర్థ్యం కొత్త ఫాల్ట్ లెవెల్‌కు సరిపోతే రెట్రోఫిట్ మంచి బేరం. చాలామంది బ్రేకర్ కెపాసిటీ చూసి, బార్ల సంగతి మరిచిపోతారు. 50 కిలో ఆంపియర్ల బ్రేకర్‌ను 25 తట్టుకునే బార్ల మీద పెడితే ప్యానెల్ సామర్థ్యం 25గానే మిగిలిపోతుంది. రెట్రోఫిల్ అంటే నాకు అంత ఇష్టం లేదు. సైట్‌లో కొత్తగా వంచిన బార్లకు టెస్ట్ సర్టిఫికెట్ ఎవరిస్తారన్న ప్రశ్నకు సూటి జవాబు రావడం అరుదు. స్థలం లేకో, షట్‌డౌన్ దొరక్కో తప్పనిసరైతే అసలు తయారీదారు ఇంజినీర్లతోనే చేయించండి.

6. స్పెసిఫికేషన్‌లో ఏం రాయాలి

ప్యానెల్‌కు ఐఈసీ 61439, బ్రేకర్లకు ఐఈసీ 60947-2. పాత 60439 సర్టిఫికెట్ చూపించే తయారీదారుడిని పక్కన పెట్టండి, ఆ ప్రమాణం స్థానంలో 61439 ఎప్పుడో వచ్చేసింది. డిజైన్ వెరిఫికేషన్ రిపోర్టులు మీకు ఇవ్వబోయే ప్యానెల్ రకానికీ, రేటింగుకూ చెందినవేనా అని చూడండి.

బ్రేకింగ్ కెపాసిటీలో రెండు రకాలుంటాయి. అల్టిమేట్ అంటే ఒక ఫాల్టు తెంపగలదు, ఆ తర్వాత మళ్లీ వాడొచ్చన్న హామీ లేదు. సర్వీస్ అంటే తెంపాక కూడా పనిలో ఉంటుంది. మెయిన్ ఇన్‌కమర్లకు ఈ రెండూ సమానంగా ఉండాలని, షార్ట్ టైమ్ తట్టుకునే కరెంటు ఎన్ని కిలో ఆంపియర్లు, ఎంత సమయం అన్నది కూడా స్పష్టంగా రాయండి. అంకెలన్నీ మీ సిస్టమ్ వోల్టేజీ దగ్గరివే కావాలి. తక్కువ వోల్టేజీ దగ్గరి పెద్ద అంకెను బ్రోషర్‌లో లావు అక్షరాల్లో వేస్తారు.

ఫార్మ్ ఆఫ్ సెపరేషన్ (ప్యానెల్ లోపలి భాగాలను అడ్డుగోడలతో విడదీసే స్థాయి) మీద పిసినారితనం వద్దు. ఫార్మ్ 4 ప్యానెల్‌లో ప్రతి ఫీడరూ, దాని టెర్మినళ్లూ వేరు గదుల్లో ఉంటాయి కాబట్టి ఒకదాన్ని సరిచేస్తున్నప్పుడు పక్కదానికి చెయ్యి తగిలే ప్రమాదం బాగా తగ్గుతుంది. సర్జ్ ప్రొటెక్షన్, పూర్తి సైజు న్యూట్రల్, ఖాళీ ఫీడర్లు కూడా చేర్చండి. మీటర్ల కమ్యూనికేషన్ మంచిదే గానీ, ఎవరూ చూడని డాష్‌బోర్డుకు డబ్బు పెట్టేకంటే అదే డబ్బు మెయిన్ బ్రేకర్‌ను డ్రా అవుట్ రకంలో (బయటకు లాగి తీయగలిగేది) తీసుకోవడానికి పెట్టండి.

7. సెలెక్టివిటీ, ఆర్క్ ఫ్లాష్

మూడో అంతస్తులో కెటిల్ షార్ట్ అయితే భవనమంతా చీకటి కాకూడదు. ఫాల్టుకు దగ్గరి బ్రేకర్ మాత్రమే పడాలి, దీన్నే సెలెక్టివిటీ అంటారు. ఇందుకోసం పై బ్రేకర్‌కు కొంచెం ఆలస్యం పెడతారు, ఉదాహరణకు మెయిన్‌కు 0.3 సెకన్లు. చిక్కు ఇక్కడే ఉంది. మెయిన్ బార్ల మీదే ఫాల్టు వస్తే ఆ 0.3 సెకన్లూ ఆర్క్ (గాలిలోంచి దూకే కరెంటు మెరుపు) మండుతుంది, అదే ఆర్క్ ఫ్లాష్. ప్యానెల్ ముందు నిలబడ్డ మనిషి మీద పడే శక్తి ఆ సమయానికి అనులోమంగా పెరుగుతుంది. చర్మంపై రెండో డిగ్రీ కాలిన గాయానికి చదరపు సెంటీమీటరుకు 1.2 కేలరీలు చాలు.

జోన్ ఇంటర్‌లాకింగ్ ఉన్న ట్రిప్ యూనిట్లతో ఈ ముడి విడుతుంది. కింది బ్రేకర్ ఫాల్టును చూస్తే పైదానికి "ఆగు" అని సంకేతం పంపుతుంది. సంకేతం రాకపోతే ఫాల్టు బార్ల మీదే ఉందని అర్థం, మెయిన్ వెంటనే పడుతుంది. దీనికి తోడు మెయింటెనెన్స్ మోడ్ స్విచ్ పెట్టించుకోండి, పని జరుగుతున్నంతసేపూ ఆలస్యం తీసేస్తుంది. ఆర్క్ శక్తిని ఐఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజినీర్ల సంస్థ) 1584 పద్ధతిలో లెక్కిస్తారు. దాని 2018 ఎడిషన్ పాత లెక్కల్ని బాగా మార్చింది, కాబట్టి అంతకు ముందు అంటించిన హెచ్చరిక లేబుళ్లను మళ్లీ లెక్క కట్టించాలి.

8. టేపు పట్టుకుని వెళ్లండి

కొత్త ప్యానెల్ చిన్నదిగా ఉంటుందని సంబరపడేలోపు పాత కేబుళ్లు కొత్త టెర్మినళ్లకు అందుతాయో లేదో కొలవండి. 30 సెంటీమీటర్లు తక్కువైనా షట్‌డౌన్ రాత్రి జాయింట్లు వేసుకుంటూ కూర్చోవాలి. కేబుల్ కింది నుంచి వస్తోందా, పై నుంచా? అల్యూమినియం కేబుల్ రాగి టెర్మినల్‌కు వెళ్తుంటే బైమెటల్ లగ్గులు (రెండు లోహాలు కలిపి చేసిన కేబుల్ చివరి తొడుగులు) కావాలి. ప్యానెల్ తలుపులోంచి, మలుపుల్లోంచి లోపలికి పడుతుందా? పట్టకపోతే ఎన్ని ముక్కలుగా తేవాలో ఆర్డరులోనే చెప్పాలి.

9. ఫ్యాక్టరీ తనిఖీకి మనిషిని పంపండి

ప్యానెల్ లారీ ఎక్కాక దొరికే తప్పు మీ షట్‌డౌన్‌ను తినేస్తుంది. ఫ్యాక్టరీలో ఇంటర్‌లాకులన్నీ చేత్తో ఆడించి చూడండి. ముఖ్యంగా గ్రిడ్, జనరేటర్ ఇన్‌కమర్లు రెండూ ఒకేసారి మూసుకునే దారి ఏదైనా ఉందేమో వెతకండి. డైఎలక్ట్రిక్ పరీక్ష (ఇన్సులేషన్ మీద ఎక్కువ వోల్టేజీ పెట్టి చూసేది) మీ కళ్ల ముందే జరగాలి. 300 నుంచి 690 వోల్టుల ఇన్సులేషన్ రేటింగ్ ప్యానెల్‌కు ఇది 1890 వోల్టుల ఏసీ దగ్గర చేస్తారు.

10. షట్‌డౌన్ ప్లాన్

గంటలవారీగా రాయండి. ఏ గంటకు ఏది పూర్తవ్వాలి, పూర్తి కాకపోతే ఎవరు నిర్ణయం తీసుకుంటారు, ఏ గంట దాటితే పాత ప్యానెల్‌కే వెనక్కి వెళ్లాలి. ఈ వెనక్కి వెళ్లే గంటను ముందే తేల్చుకోని ప్లాన్‌లో తెల్లవారుజామున టెన్షన్‌లో తప్పుడు నిర్ణయాలు జరుగుతాయి. పెద్ద భవనమైతే ఒకే రాత్రిలో ముగించాలని చూడకండి. స్థలం ఉంటే కొత్త ప్యానెల్‌ను పాతదాని పక్కనే నిలబెట్టి ఫీడర్లను విడతలుగా మార్చడం అన్నిటికంటే క్షేమం.

కరెంటు ఆగితే ఏమవుతుందో ముందే నడిచి చూసుకోవాల్సినవి: ఫైర్ పంపులు, అలారం, ఎమర్జెన్సీ లైట్లు, లిఫ్టులు, డ్రైనేజీ పంపులు, సర్వర్ రూము ఏసీ. సర్వర్‌కు యూపీఎస్ ఉంటుంది, దాన్ని చల్లబరిచే ఏసీకి ఉండదు. కార్డుతో తెరుచుకునే తలుపులు కరెంటు లేనప్పుడు తెరిచి ఉంటాయా, మూసుకుపోతాయా అన్నది కూడా తెలుసుకోండి. తాత్కాలిక జనరేటర్ తెస్తున్నా, ఫైర్ సిస్టమ్ ఆగి ఉన్నంతసేపూ కాపలా మనుషుల్ని పెట్టండి.

ఫేజ్ సీక్వెన్స్‌ను (మూడు ఫేజులు వచ్చే వరస) షట్‌డౌన్‌కు ముందే, ప్రతి ముఖ్యమైన మోటార్ ఫీడర్ దగ్గర, గ్రిడ్ మీదా జనరేటర్ మీదా కొలిచి రాసిపెట్టండి. రెండు ఫేజులు తారుమారైతే పంపులు, ఫ్యాన్లు వెనక్కి తిరుగుతాయి.

11. డెడ్ అని నిరూపించాకే చెయ్యి పెట్టాలి

ఐసొలేట్ చేయాలి, తాళం వేయాలి, ట్యాగ్ కట్టాలి, తాళంచెవి పని చేసేవాళ్ల దగ్గరే ఉండాలి. తర్వాత టెస్టర్‌ను బతికున్న సప్లై మీద చూసి, ప్యానెల్‌లో అన్ని ఫేజులూ న్యూట్రల్‌తో సహా చూసి, మళ్లీ బతికున్న సప్లై మీద టెస్టర్‌ను చూడాలి. మధ్యలో టెస్టరే చచ్చిపోయి ఉండొచ్చు కదా. వెనక నుంచి వచ్చే కరెంటు దారులు మరవకండి: జనరేటర్, యూపీఎస్ బైపాస్, సోలార్ ఇన్వర్టర్, పక్క ప్యానెల్ నుంచి టై. కెపాసిటర్ బ్యాంకు ఆపిన తర్వాత డిశ్చార్జి అయ్యేదాకా ఆగి, అయినా కొలిచే చూడాలి. ఆపైన బార్లను ఎర్త్ చేయాలి.

బస్‌బార్ జాయింట్లను తయారీదారు ఇచ్చిన అంకెకు టార్క్ రెంచ్‌తో బిగించి, బోల్టు తల మీదుగా గీత గీయాలి. గీత లేని బోల్టు బిగించని బోల్టు కిందే లెక్క. తర్వాత జాయింట్లను మైక్రో ఓమ్ మీటర్‌తో కొలవండి.

12. కరెంటు ఇచ్చే ముందు

నేను ఎప్పుడూ ముందు చూసేది ట్రిప్ యూనిట్ సెట్టింగులు. కొత్త బ్రేకర్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు వాటి సెట్టింగులు ఏవో డిఫాల్ట్ విలువల్లో ఉంటాయి, చాలాసార్లు కనిష్ఠంలో. స్టడీలో 0.9 (రేటింగులో 90 శాతం) అని ఉంటే బ్రేకర్ మీద 0.4 ఉంటుంది. సోమవారం లోడ్ ఎక్కగానే మెయిన్ పడిపోతుంది, "కొత్త బ్రేకర్ బాలేదు" అని గోల. ఒకరు స్టడీ షీటు చదవాలి, ఇంకొకరు డయల్ చూసి చెప్పాలి, ప్రతి బ్రేకర్‌కూ ఫోటో తీయాలి.

ప్యానెల్‌కూ, తిరిగి కలిపే ప్రతి కేబుల్‌కూ మెగ్గర్ పరీక్ష చేయాలి. సర్జ్ ప్రొటెక్టర్లు, మీటర్లు ముందే విడదీయకపోతే అవి దెబ్బతింటాయి. న్యూట్రల్ కనెక్షన్లను ఒక్కొక్కటిగా చేత్తో పట్టుకుని చూడండి. ఫేజు ఊడితే కొన్ని లైట్లు వెలగవు. మెయిన్ న్యూట్రల్ ఊడితే కొన్ని సాకెట్లలో వోల్టేజీ ఫేజుల మధ్య వోల్టేజీ దాకా పెరిగి కంప్యూటర్లు, ఏసీ కార్డులు వరసగా కాలిపోతాయి. న్యూట్రల్, ఎర్త్ కలిసే చోటు డిజైన్‌లో చెప్పినదొక్కటే ఉండాలి. కింద ఎక్కడైనా రెండో లింకు మిగిలితే ఎర్త్ ఫాల్ట్ ప్రొటెక్షన్ ఊరికే పడుతుంది, లేదా పడాల్సినప్పుడు పడదు.

ఫీడర్లన్నీ ఆపి మెయిన్ వేయండి, దూరం నుంచి వేసే వీలుంటే అలాగే. వోల్టేజీలు, ఫేజ్ సీక్వెన్స్ చూసి, ముందు ఫైర్, ఎమర్జెన్సీ ఫీడర్లు, ఆపైన మిగతావి ఒక్కొక్కటిగా. జనరేటర్ చేంజోవర్‌ను నిజంగా గ్రిడ్ ఆపి పరీక్షించాకే కాంట్రాక్టర్‌ను పంపండి.

13. తర్వాత

నిండు లోడ్ పడిన మొదటి వారాల్లో థర్మల్ స్కాన్ చేయించండి. వేడి కనబడిన జాయింటును మాత్రమే తెరవండి. ఏటా వచ్చి బోల్టులన్నీ మళ్లీ బిగించి పోయే అలవాటు కొన్ని చోట్ల ఉంది. మితిమీరి బిగిస్తే వాషర్లు అణిగిపోయి, బోల్టు సాగి, జాయింటు మరింత వదులవుతుంది. దానికి బదులు ఆ సమయాన్ని బ్రేకర్లను ఏడాదికోసారి ఆపరేట్ చేయడానికి వాడండి, మొదటి ట్రిప్ టైమింగును రికార్డు చేస్తూ.

మారిన సింగిల్ లైన్ డయాగ్రమ్, సెట్టింగుల షీటు, టెస్ట్ రిపోర్టులు ఒక కాపీ ప్యానెల్ రూములో, ఒక కాపీ ఆఫీసులో ఉండాలి. తీసేసిన పాత బ్రేకర్లను "ఎప్పుడైనా పనికొస్తాయి" అని మూలన పడేయకండి. రేటింగ్ చాలదనో, ట్రిప్ కాలేదనో మీరే తీసేసినవి ఏదో ఒక అర్ధరాత్రి అర్జెంటులో ఇంకో బోర్డులో చేరతాయి. మెకానిజం పనికిరాకుండా చేసి, అదే వారంలో స్క్రాప్‌కు పంపించండి. ఆస్బెస్టాస్ తేలిన భాగాలను మాత్రం అందులో కలపకుండా, వాటికి అనుమతి ఉన్న సంస్థకు విడిగా అప్పగించాలి.